సెలవుల చదువు: నూరేళ్ల వాదంలో తేలిందెంత?

ఏటా ఏప్రిల్ చివరి వారంలో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బడులు మూతపడతాయి. మళ్లీ తెరుచుకునేది జూన్ 12న. మధ్యలో దాదాపు ఏడు వారాలు. ఈ ఏడు వారాల గురించి విద్యాశాఖ నుంచి రెండు రకాల ఆదేశాలు వస్తుంటాయి. సెలవుల్లో క్లాసులు నడిపితే చర్యలు తప్పవని ప్రైవేటు యాజమాన్యాలకు ఒక హెచ్చరిక. పిల్లలు చదవడం మరిచిపోకుండా కథల పుస్తకాలు ఇచ్చి పంపండి, శిబిరాలు పెట్టండి అని సర్కారు బడుల టీచర్లకు మరో సూచన. మొదటిది పిల్లల్ని వదిలేయమంటుంది, రెండోది వదలొద్దంటుంది. రెండింటినీ సమర్థించేవాళ్లున్నారు. ఇరుపక్షాల చేతుల్లోనూ పరిశోధనలున్నాయి.

వాదం ఇంతగా చిక్కుపడడానికి కారణం, మూడు వేర్వేరు ప్రశ్నల్ని ఒకే మూటగా కట్టి మాట్లాడుకోవడం. బడి లేనప్పుడు పిల్లలు నేర్చుకున్నది మరిచిపోతారా అన్నది మొదటిది. చదివే అలవాటు ఎలా అబ్బుతుందన్నది రెండోది. పిల్లలు సొంతంగా కథ రాయడం, బొమ్మ గీయడం, చేతులతో ఏదో ఒకటి తయారుచేయడం చదువులో భాగమా, చదువు అయ్యాక మిగిలిన పొద్దు గడపడానికా అన్నది మూడోది. మరపు మీద జరిగిన అధ్యయనాన్ని తెచ్చి అలవాటు గురించి తీర్పు చెప్పడం, అలవాటు గురించి తెలిసినదాన్ని తెచ్చి పరీక్షల మార్కులకు ముడిపెట్టడం మన చర్చల్లో మామూలైపోయింది. విడదీసి చూస్తే కొన్ని విషయాల్లో స్పష్టత ఉంది. కొన్నింటిలో లేదు.

పడవల్లో పుస్తకాల నుంచి వంద రోజుల ప్రచారం దాకా

తెలుగునాట ఈ ఆలోచన బడిలో పుట్టలేదు, గ్రంథాలయంలో పుట్టింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం వెలిశాయి. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు ఊరూరా రాత్రి బడులు పెట్టించారు, చదువు రానివారికి పత్రిక చదివి వినిపించే ఏర్పాటు చేయించారు. కృష్ణా కాలువల మీద పడవల్లో పుస్తకాలు తిప్పిన ఘనత కూడా ఆ ఉద్యమానిదే. వాళ్ల దృష్టి పెద్దల మీదే ఎక్కువ. అయినా ఒక నమ్మకాన్ని మనకు వదిలివెళ్లారు: పుస్తకం చేతికందేంత దూరంలో ఉంటే చదివేవాళ్లు వాళ్లంతట వాళ్లే తయారవుతారు. ఇప్పటికీ గ్రంథాలయవాదులందరి వాదానికీ ఇదే పునాది.

పిల్లల్ని నేరుగా పట్టించుకున్న ధార న్యాపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులది. శ్రోతలకు వాళ్లు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. 1940లో బాలానంద సంఘం, 1945లో 'బాల' పత్రిక. పిల్లలకు కథలు చెప్పడంతో ఆగకుండా పిల్లల చేత చెప్పించడం, పాడించడం, రాయించడం వాళ్ల పద్ధతి. ముళ్లపూడి వెంకటరమణ తొలి కథ అచ్చయింది 'బాల'లోనే. బాపు చిన్ననాటి బొమ్మలూ అందులో వచ్చాయి. 1947 జులైలో మొదలైన 'చందమామ' దారి వేరు. అది పెద్దలు ఎంతో శ్రద్ధగా వండి పిల్లలకు వడ్డించిన పత్రిక. కొడవటిగంటి కుటుంబరావు తీర్చిదిద్దిన ఆ వచనం చదివి తెలుగు నేర్చుకున్న తరాలున్నాయి. కానీ ఫోటో వ్యాఖ్యల పోటీలాంటివి తప్పిస్తే అందులో పిల్లలు పాఠకులే, రచయితలు కారు. పిల్లలు మంచివి చదవాలా, తాము రాయాలా అనే నేటి తగవు 'బాల', 'చందమామ' నాటికే ఉంది. అప్పట్లో దాన్నెవరూ తగవు అనుకోలేదు, అంతే.

1991లో శాంతా సిన్హా నేతృత్వంలోని ఎం.వి. ఫౌండేషన్ రంగారెడ్డి జిల్లాలో శిబిరాలు మొదలుపెట్టాక ఈ ప్రశ్నకు మూడో ముఖం వచ్చింది. వెట్టిలోనూ కూలిలోనూ ఉన్న పిల్లల్ని పని మాన్పించి, శిబిరంలో కొన్ని నెలలు చదివించి, వయసుకు తగ్గ తరగతిలో చేర్చారు. ఆ పిల్లల విషయంలో సెలవుల్లో ఏం మరిచిపోతారనే మాటకు అర్థమే లేదు. బడి తెరిచి ఉన్న రోజుల్లోనూ వాళ్లు బడిలో లేరు కదా.

తర్వాతి కథ చట్టాలది, పథకాలది. 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలంది. ప్రతి బడిలో పత్రికలు, కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని కూడా అదే షెడ్యూలులో రాసింది. కరోనా తర్వాత ప్రచారాలు వరసకట్టాయి. 2020 నవంబరులో ఆంధ్రప్రదేశ్ 'చదవడం మాకిష్టం', 2022 జనవరిలో కేంద్రం వంద రోజుల పఠన ప్రచారం, అదే ఏడాది ఆగస్టులో తెలంగాణ 'తొలిమెట్టు'. పేర్లు మారినా ఉద్దేశం ఒకటే. చదవడం రానిదే మిగతా చదువేదీ నిలవదని ప్రభుత్వాలు ఒప్పుకోవడం ఈ ప్రచారాల్లో కొత్త సంగతి.

మరపు నిజమా, కొలతలో తేడానా?

సెలవుల్లో చదువు కరిగిపోతుందనే వాదానికి ఆధారాలు చాలావరకు అమెరికా నుంచి వచ్చినవే. 1978లో బార్బరా హేన్స్ అట్లాంటా పిల్లల మీద రాసిన పుస్తకంతో ఇది బలపడింది. పేద, ధనిక పిల్లల మధ్య అంతరం బడి నడిచే నెలల్లో కన్నా వేసవిలో ఎక్కువగా పెరుగుతోందని ఆమె తేల్చారు. 1996లో హారిస్ కూపర్ బృందం 39 అధ్యయనాలను కలిపి చూసి, సగటున ఒక నెల చదువంత నష్టం జరుగుతోందని లెక్కకట్టింది. చదవడం కన్నా లెక్కల్లో నష్టం ఎక్కువ. చదవడంలో మాత్రం మధ్యతరగతి పిల్లలు కాస్త ముందుకు పోతే పేద పిల్లలు వెనక్కి జారారు. బాల్టిమోరులో 1982లో ఒకటో తరగతిలో చేరిన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అలెగ్జాండర్, ఎంట్విసిల్, ఓల్సన్ ఇంకో అడుగు ముందుకేశారు. తొమ్మిదో తరగతి నాటికి కనిపించే అంతరంలో దాదాపు మూడింట రెండు వంతులకు ప్రాథమిక తరగతుల వేసవులే కారణమన్నారు. బడి నడిచేటప్పుడు కొళాయి అందరికీ తిరిగి ఉంటుంది, సెలవుల్లో పేదింటి కొళాయి కట్టేస్తారు అనేది వాళ్ల ఉపమానం. నోటికి పట్టే మాట కావడంతో అది ప్రపంచమంతా తిరిగింది. మన సదస్సుల్లోనూ తరచూ వినిపిస్తుంటుంది.

ఆ మాటకున్నంత బలం లెక్కకు లేదని తర్వాత బయటపడింది. పాల్ వాన్ హిప్పెల్, కెయిట్లిన్ హామ్‌రాక్ 2019లో పాత లెక్కల్ని తిరగతోడారు. బాల్టిమోరులో వాడిన పరీక్షలో మార్కుల కొలబద్దే పై తరగతులకు పోయేకొద్దీ సాగుతూ పోతుంది, అందువల్ల అంతరం పెరిగినట్టు కనిపిస్తుంది. మెరుగైన కొలబద్దతో కొలిస్తే బడిలో చేరాక అంతరం పెద్దగా పెరగడం లేదు, అందులో ఎక్కువ భాగం అయిదేళ్లు నిండకముందే ఏర్పడి ఉంది. అంటే దోషం వేసవిదే అనడానికి లేదు. సెలవుల్లో నేర్చుకునే వేగం తగ్గుతుందన్న దాంట్లో పెద్దగా పేచీ లేదు. ఆ తగ్గుదల పేదపిల్లల్నే ఎక్కువగా దెబ్బతీస్తుందా అన్నదే ఇంకా తేలలేదు. పాత వాదాన్ని మాత్రమే ఉదహరిస్తూ సెలవులు కుదించాలనేవారు ఈ సగాన్ని దాటేస్తున్నారు.

మన దగ్గర సుదీర్ఘమైన సెలవు ఏం చేస్తుందో కరోనా చూపించింది. 2021 ఆరంభంలో అజీం ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం అయిదు రాష్ట్రాల్లో 16,067 మంది ప్రభుత్వ బడి పిల్లల్ని చూస్తే, 92 శాతం మంది ఏడాది కిందట వచ్చిన భాషా సామర్థ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నారు. లెక్కల్లో ఇది 82 శాతం. ఆ అయిదింటిలో తెలుగు రాష్ట్రాలు లేవు. మన పరిస్థితి గ్రామీణ పిల్లల చదువును కొలిచే 'అసర్' సర్వేలో కనిపిస్తుంది. రెండో తరగతి పాఠం చదవగలిగిన మూడో తరగతి పిల్లలు ఆంధ్రప్రదేశ్‌లో 2018లో 22.6 శాతం ఉంటే 2022 నాటికి 10.3 శాతానికి, తెలంగాణలో 18.1 నుంచి 5.2 శాతానికి పడిపోయారు.

ఈ అంకెల్లో అందరూ చూసేది పతనాన్ని. కరోనాకు ముందు, బడులన్నీ సక్రమంగా నడిచిన 2018లోనే అయిదుగురిలో నలుగురు మూడో తరగతి పిల్లలు రెండో తరగతి పాఠం చదవలేకపోయారన్న సంగతి దాని నీడలో పడిపోతోంది. అమెరికా వాదాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చుకోవడంలో ఇబ్బంది అదే. అక్కడి చర్చ నేర్చిన పిల్లలు ఎంత మరిచారన్నది. ఇక్కడ నేర్చినవాళ్లే తక్కువ.

పోయింది తిరిగి రాదా అంటే, తమిళనాడు అనుభవం ఆశ కలిగిస్తుంది. అక్కడ 19,000 మందికి పైగా పిల్లల్ని గమనించిన అభిజీత్ సింగ్, మారిసియో రొమేరో, కార్తిక్ మురళీధరన్ బృందానికి, బడులు తెరిచిన ఆరు నెలల్లోనే నష్టంలో మూడింట రెండు వంతులు పూడినట్టు తేలింది. ఆ పూడికలో సుమారు నాలుగో వంతు 'ఇల్లం తేడి కల్వి' పథకానిది. ఊళ్లోనే ఉన్న వలంటీర్లు సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టుకుని చెప్పే తరగతులు అవి. మిగిలిందంతా మామూలుగా బడి నడవడం వల్లే.

ఎవరి సెలవు ఎప్పుడు?

సెలవంటే మే నెల అని లెక్కలన్నీ ముందే అనుకుని మొదలవుతాయి. తెలుగు పల్లెల్లో చాలామంది పిల్లలకు బడి లేని నెలలు వేరు. గద్వాల, కర్నూలు, నంద్యాల ప్రాంతాల్లో సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని వానాకాలం మధ్యలో మొదలవుతుంది. సాయంత్రం మొగ్గ గిల్లి, మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దే ఈ పనికి చిన్న చేతులు కావాలంటారు. అందులోనూ ఆడపిల్లల్ని ఎక్కువగా పెడతారు. అప్పటికి జూన్‌లో హాజరుపట్టీలో ఎక్కిన పేర్లు పట్టీలోనే ఉంటాయి. సంక్రాంతి దాటాక మిరప కోతలకు గుంటూరు, ఖమ్మం వైపు వలస వెళ్లే కుటుంబాల వెంట పిల్లలూ వెళ్తారు. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చే పిల్లలైతే ఏడాదిలో సగం ఇక్కడే ఉంటారు. వాళ్ల కోసం తెలంగాణలో ఒడియాలో చెప్పే పని స్థలం బడులు నడిచాయి. కర్నూలు, అనంతపురం వంటి జిల్లాల్లో సీజనల్ హాస్టళ్లు తెరిచారు. ఈ ఏర్పాట్లకు వేసవి శిబిరాలకు దక్కిన ప్రచారంలో పదో వంతు కూడా దక్కలేదు.

ఇంకో చిన్న విషయం, శిబిరాల చర్చలో ఎవరూ ఎత్తనిది: అన్నం. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2004లో ఆదేశించింది. కరవు మండలాల్లో ఆ భోజనం పెట్టిన ఏళ్లలో పిల్లలు మే నెలలోనూ బడికొచ్చారు. వచ్చిన పిల్లల చేతిలో పుస్తకం పెట్టే ఏర్పాటు మాత్రం దానికి జత కాలేదు. భోజనం ఒక శాఖ లెక్క, పుస్తకం మరో పథకం లెక్క.

పుస్తకం చాలా, మనిషి కావాలా?

వాదంలో అసలు పట్టు ఇక్కడుంది. మంచి పుస్తకాలు పెట్టండి చాలు, బలవంతం వద్దు, ప్రశ్నలు వద్దు, పిల్లలే చదువుకుంటారు అని ఒక పక్షం. స్టీఫెన్ క్రాషెన్ వంటి భాషావేత్తలు దీనికి పెద్దదిక్కు. అక్షరం కూడబలుక్కునేవాడి చేతిలో పుస్తకం పెడితే బొమ్మలు చూసి పక్కన పెడతాడు, ముందు చదవడం నేర్పే మనిషి కావాలి అని రెండో పక్షం. ఈ రెండూ సిద్ధాంతాలుగా కొట్టుకుంటూ ఉండగా క్షేత్ర ప్రయోగాలు కొంత దారి చూపించాయి.

మొదటి పక్షానికి అనుకూలమైనది ఫ్లోరిడాలో రిచర్డ్ ఆలింగ్టన్, ఆన్ మెక్‌గిల్-ఫ్రాన్జెన్ చేసిన పని. పేద పిల్లలకు వరసగా మూడు వేసవుల్లో, ఒక్కోసారి పన్నెండు పుస్తకాలు ఇచ్చారు. ఏవి కావాలో పిల్లలే ఎంచుకున్నారు. మూడేళ్లు గడిచేసరికి వాళ్ల చదివే సామర్థ్యం ఇతరుల కన్నా మెరుగుపడింది. మరోవైపు జేమ్స్ కిమ్ ప్రయోగాల్లో పుస్తకాలు మాత్రమే అందుకున్న పిల్లల్లో పెద్ద మార్పు లేదు. సెలవులకు ముందు టీచరు ఎలా చదవాలో చూపించి, ఇంట్లో ఎవరికైనా పైకి చదివి వినిపించమని చెప్పినప్పుడే ఫలితం కనబడింది.

గ్రంథాలయవాదులకు చేదుగా ఉండే ఫలితం మన పక్క రాష్ట్రానిదే. కర్ణాటకలో అక్షర ఫౌండేషన్ నడిపిన బడి గ్రంథాలయాలను బోర్కమ్, హె, లిండెన్ పదహారు నెలల తర్వాత పరీక్షించారు. భాషా నైపుణ్యాల్లో మెరుగుదల లేదు. గ్రంథపాలకులు అప్పుడప్పుడూ వచ్చి వెళ్లే బడుల్లో మార్కులు తగ్గాయి కూడా. దీనికి పూర్తి భిన్నంగా ఫిలిప్పీన్స్‌లోని టార్లాక్ ప్రాంతంలో 31 రోజుల పాటు నాలుగో తరగతి గదుల్లోకే కథల పుస్తకాలు తెచ్చి, టీచర్లకు వాటితో ఏం చేయాలో నేర్పి, రోజూ చదివిస్తే చదవడం మెరుగైంది. కానీ మూడు నెలలు గడిచేసరికి ఆ లాభంలో సగం ఆవిరైపోయింది. వంద రోజుల ప్రచారాలు చేసేవాళ్లు ఈ రెండో వాక్యాన్ని గోడ మీద రాసి పెట్టుకోవాలి.

అన్నింటికన్నా ఆలోచింపజేసేది బిహార్ ఉదంతం. ప్రథమ్ సంస్థ పద్ధతిలో 2008 జూన్‌లో సర్కారు టీచర్లే నెల రోజుల వేసవి శిబిరం నడిపారు. పిల్లల చదవడం బాగుపడింది. అదే సామగ్రిని, అదే శిక్షణను బడి నడిచే రోజుల్లో టీచర్లకు ఇస్తే ఏమీ జరగలేదు. టీచర్లు వాళ్లే. తేడా ఎక్కడ? శిబిరంలో సిలబస్ లేదు. ఏ తరగతి అన్న పట్టింపు లేదు. ఒక్కొక్కరినీ పిలిచి ఒకే కాగితం చూపిస్తారు. దాని మీద కొన్ని అక్షరాలు, కొన్ని పదాలు, నాలుగు వాక్యాల పేరా, చిన్న కథ ఉంటాయి. ఎక్కడ ఆగిపోతే పిల్ల ఆ గుంపులోకి వెళ్తుంది. అయిదో తరగతి అక్క, మూడో తరగతి తమ్ముడు ఒకే గుంపులో ఉండొచ్చు. అందరూ నేల మీద కూర్చుంటారు. టీచరు కథ పైకి చదువుతుంటే వేలు పెట్టి పదం వెంట పదం పోతారు. తర్వాత గుణింతాల చార్టు, సుద్దముక్కతో నేల మీద రాసిన అక్షరాల మీద గెంతులాట, చివర్లో తమ మాటల్లో రెండు వాక్యాలు రాయడం. వారంలో కాస్త ముందుకొచ్చిన పిల్ల పక్క గుంపులోకి మారిపోతుంది. బడి రోజుల్లో ఆ టీచరే పాఠం పూర్తిచేయాలి, యూనిట్ టెస్టు పెట్టాలి, యాప్‌లో వివరాలు నింపాలి.

సెలవుల వల్ల నష్టమని మొదలైన వాదం ఇక్కడ తలకిందులవుతుంది. బడిలో దొరకని వెసులుబాటు సెలవుల్లో దొరికింది. ఈ తరహా ఆలోచన మనకు కొత్తేమీ కాదు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ కేంద్రం చుట్టుపక్కల పల్లెల్లో నడిపిన ఏకోపాధ్యాయ బడుల్లో తరగతి గీతలు చెరిపేసి, చదువును నిచ్చెన మెట్లుగా, కార్డుల కట్టలుగా విడగొట్టి చూపించింది. ఆ పద్ధతిని ఎన్నో రాష్ట్రాలు తీసుకున్నాయి.

ఇందులో లిపి సంగతి ఒకటి కలుస్తుంది. కన్నడ పిల్లలు అక్షరాలు నేర్చే తీరును అధ్యయనం చేసిన సోనాలి నాగ్, గుణింతాలు, ఒత్తులు పూర్తిగా పట్టుబడడానికి నాలుగో తరగతి దాకా, ఒక్కోసారి ఆపైన కూడా పడుతుందని చూపించారు. తెలుగు లిపి దానికి తోబుట్టువు. ఒకటి, రెండు తరగతుల్లోనే చదవడం వచ్చేసి తీరాలన్న లక్ష్యాలు ఇంగ్లిషు అక్షరాల కొలతతో పెట్టినవేమోననే అనుమానం న్యాయమైనదే. ఒత్తుల దగ్గర తడబడే మూడో తరగతి పిల్లను వేసవికి వదిలేస్తే ఏమవుతుంది, ధారగా చదివే ఏడో తరగతి పిల్లను వదిలేస్తే ఏమవుతుంది అన్నవి ఒకే ప్రశ్న కాదు. రెండు పక్షాలూ తమ తమ పిల్లల విషయంలో సరైనవే. కూడబలుక్కునే పిల్లకు మనిషి కావాలి. ధారాళంగా చదివే పిల్లకు పుస్తకాలు కావాలి, తర్వాత తన జోలికి ఎవరూ పోకూడదు. ప్రయోగాల ఫలితాలు ఒకదానికొకటి ఎదురు నిలవడంలో చాలా భాగానికి కారణం ఇదేనని నా అంచనా.

బీరువా

పుస్తకాలు లేవనే మాట ఇరవై ఏళ్ల కిందటంత నిజం కాదిప్పుడు. సికింద్రాబాదులోని మంచి పుస్తకం ట్రస్టు పిల్లలకోసం తక్కువ ధరలో వందల పుస్తకాలు తెచ్చింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి బొమ్మల కథలకూ పిల్లల నవలలకూ పోటీలు పెట్టి, ఎంపికైనవి అచ్చువేసింది. ప్రథమ్ బుక్స్ 2015లో తెరిచిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, అచ్చు వేసుకోవచ్చు కూడా. నేషనల్ బుక్ ట్రస్టు పుస్తకాలు, జన విజ్ఞాన వేదిక 'చెకుముకి', అనంతపురం ప్రాంతం నుంచి వచ్చిన 'కొత్తపల్లి' ఉండనే ఉన్నాయి. సమగ్ర శిక్ష పథకం కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది.

ఉన్న పుస్తకాలు ఎక్కడున్నాయంటే హెడ్మాస్టరు గదిలో, ఇనప బీరువాలో. తాళం ఒకరి దగ్గర, రిజిస్టరు ఇంకొకరి దగ్గర. స్టాకు రిజిస్టరులో ప్రతి పుస్తకానికీ వరస సంఖ్య, ధర ఉంటాయి. బదిలీ అయినప్పుడు చార్జి అప్పగించాలి, లెక్క తేడా వస్తే జవాబు చెప్పాలి. అందువల్ల పుస్తకం ఇంటికివ్వని టీచరుకు ఏ ఇబ్బందీ లేదు. ఇచ్చిన టీచరుకే తలనొప్పి. సెలవుల ముందు పిల్లలకు పుస్తకాలు ఇచ్చి పంపమనే సూచన వచ్చేది సరిగ్గా ఆ రిజిస్టరు సరిచూసి బీరువా తాళం వేసే వారంలోనే. పిల్లల పఠనాభిరుచి గురించి జరిగే గోష్ఠుల్లో ఈ తాళం ప్రస్తావన రాదు.

ఊరి గ్రంథాలయాల కథ ఇంకాస్త పాతది. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. జనం కడతారు. పంచాయతీలు, పురపాలక సంఘాలు దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయడంలో బకాయిలు పేరుకుంటాయి. ఆ స్థితిలోనూ ఆంధ్రప్రదేశ్‌లో శాఖా గ్రంథాలయాలు వేసవి విజ్ఞాన శిబిరాలు నడుపుతున్నాయి. కథలు చెప్పడం, చదివించడం, కాగితం బొమ్మలు, చిత్రలేఖనం. ఖర్చు తక్కువ, హడావుడి తక్కువ. వీటి ఫలితాన్ని ఎవరైనా ఓపికగా కొలిస్తే బాగుంటుంది.

రాసే పిల్లలు, గీసే పిల్లలు

మూడో ప్రశ్న మీద వాదన తక్కువ, పొగడ్త ఎక్కువ. పిల్లల్లో సృజన పెంచాలని అనని మనిషి లేడు. ఎలా అన్న దగ్గర మాత్రం సర్టిఫికెట్లు, షీల్డులు తప్ప మనకు మరో దారి తోచడం లేదు.

బహుమతుల మీద రెండు ప్రయోగాలు ఎదురెదురుగా నిలబడతాయి. 1973లో లెపర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలు గీయడమంటే ఇష్టమున్న చిన్నపిల్లలకు, గీస్తే యోగ్యతాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. తర్వాత ఆ పిల్లలు తమంతట తాము గీయడం తగ్గిపోయింది. ఏమీ ఆశపెట్టని పిల్లలు మామూలుగా గీస్తూనే ఉన్నారు. రోలండ్ ఫ్రయర్ డల్లాస్‌లో రెండో తరగతి పిల్లలకు పుస్తకం చదివి చిన్న పరీక్ష రాస్తే రెండు డాలర్లిచ్చారు. అక్కడ చదివి అర్థం చేసుకోవడం మెరుగైంది. ఇష్టంగా చేసే పనికి కూలి కడితే ఇష్టం చస్తుంది, ఇంకా మొదలుపెట్టని పనికి ఆశ చూపితే కాలు కదులుతుంది అని రెండింటినీ కలిపి చదువుకోవచ్చు. మన పోటీలు మాత్రం అప్పటికే ఇష్టంగా గీసే పిల్లల్నే ఏరి తెచ్చి బహుమతులిస్తాయి.

పిల్లల రాతల విషయంలో ఈమధ్య ఒక మంచి మార్పు ఉంది. ముఖ్యంగా తెలంగాణలో సర్కారు బడుల తెలుగు టీచర్లు తమ పిల్లల కథలు ఏరి సంకలనాలుగా వేస్తున్నారు. చేతి డబ్బులు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు. అచ్చులో తన పేరు చూసుకున్న పిల్ల ఇంకో కథ రాస్తుంది, పక్కింటి పిల్ల ఆ కథ చదువుతుంది. వీటిపై వచ్చే విమర్శ కూడా కొట్టేయదగింది కాదు. కథల్లో సగం రాజు, అడవి, దురాశ, చివర్లో నీతి. పిల్లలు తాము రాయాలనుకున్నది రాశారా, పెద్దలు మెచ్చుతారనుకున్నది రాశారా? ఇంట్లో 'వచ్చిండు' అనే పిల్ల కాగితం మీద 'వచ్చెను' అని రాస్తే దిద్దేవాళ్లకు తృప్తి. మేకలు కాసే తాత గురించి, బోరు ఎండిపోయిన రోజు గురించి రాసిన కథలు సంకలనాల్లో అక్కడక్కడే తగులుతాయి. తగిలినప్పుడు వదలకుండా చదివిస్తాయి.

2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి వంటివారి దగ్గర పని నేర్చుకోవాలంది. పల్లెటూరి పిల్లలకు ఇందులో కొత్తేముంది అని కొందరు నవ్వారు. ఇంట్లో చేసే పనిని బడి చదువుగా గుర్తించడమే కొత్త. అది బడుల్లో ఎంత జరుగుతోందన్నది వేరే సంగతి.

ఇంకా తేలనివి

సెలవుల నష్టం మన పిల్లల్లో ఎంతో చెప్పాలంటే ఏప్రిల్‌లో ఒకసారి, జూన్‌లో ఒకసారి అదే పిల్లల్ని అదే కాగితంతో పరీక్షించాలి. 'అసర్' వంటివి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి, అదీ సెప్టెంబరు, నవంబరు మధ్య జరిగే సర్వేలు. వాటి నుంచి ఈ జవాబు రాబట్టలేం. రెండు రాష్ట్రాల్లోనూ జూన్, జులైల్లో బేస్‌లైన్ పరీక్షలు ఎలాగూ పెడుతున్నారు. వాటినే ఏప్రిల్‌లోనూ కొన్ని బడుల్లో పెడితే పెద్ద ఖర్చు లేకుండా ఒక ఏడాదిలో తేలిపోయే విషయమిది.

సెలవుల్లో ఏ భాషలో చదవాలన్నది మరో చిక్కు. ఆంధ్రప్రదేశ్ 2020 నుంచి, తెలంగాణ 2022 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిషుగా పాఠ్యపుస్తకాలు ఇస్తున్నాయి. రెండు భాషలూ పక్కపక్కన ఉంటే పిల్లలు రెంటినీ అందుకుంటారని ఒకరు, ఏ పేజీ చదవడం సులువో ఆ పేజీయే చదివి రెండోది తిప్పేస్తారని ఇంకొకరు. తల్లిదండ్రులు సెలవుల్లో పిల్లల చేత చదివించాలనుకునేది ఇంగ్లిషు. పిల్లలు కథగా చదవగలిగేది తెలుగు. ట్యాబులు, వీడియో పాఠాలు ఈ లోటు తీరుస్తాయన్న ఆశ కరోనా నాటితో పోలిస్తే బాగా సన్నగిల్లింది.

సెలవులు తగ్గించాలనే వాదానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవు. బడి రోజుల్లో చదవడం నేర్పలేని ఏర్పాటును ఇంకో నెల పొడిగిస్తే ఒరిగేదేమీ లేదు. పిల్లల్ని పూర్తిగా వదిలేయమనే వాదమూ ఇంట్లో పుస్తకాలున్నవాళ్లదే. ఆధారాలు గట్టిగా నిలబడేది నడిమి దారిలో. మూడు నుంచి అయిదు తరగతుల్లో ఇంకా కథ చదవలేని పిల్లలకు, అన్నంతో సహా, మూడు నాలుగు వారాల శిబిరం పెట్టాలి. వలసపోయే పిల్లలకు ఆ శిబిరం మే నెలలోనే కాక, వాళ్లు ఊళ్లో ఉండే నెలల్లో పెట్టాలి. చదవగలిగిన పిల్లలందరికీ తమంతట తాము ఎంచుకున్న పుస్తకాలు ఇంటికివ్వాలి.

ఈ చివరి దానికి కొత్త పథకం, కొత్త బడ్జెట్ అక్కర్లేదు. బడి గ్రంథాలయ పుస్తకాన్ని సుద్దముక్కలాగా వాడితే అరిగిపోయే సామగ్రిగా లెక్కగట్టాలని, చిరిగినా పోయినా టీచరు జవాబుదారీ కాదని రెండు ప్రభుత్వాలూ ఒక్కో ఉత్తర్వు ఇస్తే చాలు. అది వచ్చే ఏప్రిల్‌లో బీరువాలకు తాళం పడకముందే రావాలి.